చిన్న సైజు మగ యూనిఫాం ఆడవాళ్ల యూనిఫాం కాదు

సంపాదకులకు,

యుద్ధంలో పనిచేసే మహిళల గురించి రాసినప్పుడల్లా సెల్యూట్ కొడుతున్న ఫొటో ఒకటి వేసి ఊరుకుంటారు. ఆ బట్టలు ఎవరి కొలతలకు కుట్టారో ఎవరూ అడగరు.

1941లో సోవియట్ యూనియన్‌లో విమాన నావిగేటర్ మరీనా రస్కోవా మహిళా వైమానిక రెజిమెంట్లను కూడగట్టినప్పుడు వాళ్లకు ఇచ్చినవి మగవాళ్ల దుస్తులు, మగవాళ్ల బూట్లే. లోదుస్తులూ అవే. చీకట్లో వెలుతురు కోసం జారవిడిచే వెలుగుబాంబు పారాచూట్ గుడ్డతో సొంతంగా లోదుస్తులు కుట్టుకున్నందుకు ఇద్దరికి శిక్ష కూడా పడింది! బూట్ల ముందు భాగంలో కాగితాలు కుక్కుకునేవారు. దానివల్ల పొడవు సరిపోతుందేమోగానీ మడమ దగ్గర వదులు పోదు. వేళ్ల దగ్గరి వెడల్పుతో పోలిస్తే ఆడవాళ్ల మడమ సన్నం. నడుస్తుంటే అది బూటులో పైకీ కిందికీ జారి ఒరుసుకుంటుంది, బొబ్బలెక్కుతుంది.

ప్యాంటు తుంటికి సరిపడితే నడుం దగ్గర లూజు. బెల్టు బిగిస్తే గుడ్డ మడతలు పడి, బ్యాగు పట్టీ కింద చర్మం దోక్కుపోతుంది. పొడవెక్కువని అంచు మడిచి కుడితే మోకాలి అతుకు పిక్క మీదికి దిగుతుంది.

తూటాలను ఆపే కవచంతో మరీ చిక్కు. అందులోని గట్టి ప్లేటు పై అంచు గొంతు గుంట దగ్గర ఉండాలి, కింది అంచు బొడ్డుకు పైనే ఆగాలి. ప్లేటు పొడవైతే వాహనంలో కూర్చోగానే తొడలు దాన్ని పైకి నెట్టి గొంతుకు ఆనిస్తాయి. భుజాల దగ్గర వెడల్పైతే తుపాకీ మడమ కుదురుకోదు, గురి తప్పుతుంది. జుట్టు ముడి వేసుకుని బోర్లా పడుకుంటే హెల్మెట్ కళ్ల మీదికి వస్తుంది. అమెరికా సైన్యం 2021లో ముడికి బదులు వేలాడే జడకు అనుమతి ఇచ్చింది.

ఉక్రెయిన్‌లో మహిళల వేసవి యూనిఫాంకు ఆమోదం దొరికింది 2023లో. అంటే పూర్తిస్థాయి యుద్ధం మొదలైన ఏడాది దాటాక! యుద్ధం వచ్చాక కొలతలు తీయడం మొదలుపెడితే ఆలస్యం కాక ఏమవుతుంది?

కొలతల పట్టికలో ఎత్తు, ఛాతీతో పాటు తుంటి, భుజాల వెడల్పు, మొండెం పొడవు విడిగా ఉండాలి. ట్రయల్ అంటే అద్దం ముందు నిలబెట్టడం కాదు. పూర్తి సామాను తగిలించి పడుకోబెట్టాలి, గురిపెట్టించాలి, చీకట్లో చేతిగ్లవ్స్‌తో మరుగుదొడ్డికి వెళ్లి రమ్మనాలి. ఈ చివరిది కష్టమైతే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఒంట్లో నీరు తగ్గి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చాక గానీ తప్పు యూనిఫాందని తేలదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు