మన సంఘం వార్షిక నివేదిక 2024–25: తాండూరు కంది, మొజాంబిక్ కంది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. అదే విదేశీ కందుల దిగుమతి. 2024–25లో దేశంలోకి వచ్చిన కందులు 12 లక్షల టన్నులు దాటాయి. అంతకుముందు ఏ ఏడాదీ ఇంత రాలేదు. 2025 జనవరిలో మన తాండూరు మార్కెట్ యార్డుకు కొత్త పంట జోరుగా వస్తున్న రోజుల్లోనే, సుంకం లేని దిగుమతి గడువును 2026 మార్చి 31 దాకా పొడిగిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు ఉండగా బయట ధర అంతకంటే దిగువకు జారింది. అమ్ముకోవడానికి వచ్చిన రైతులు బస్తాలు దించాలా, తిరిగి తీసుకెళ్లాలా అని తేల్చుకోలేక యార్డులో నిలబడిపోవడం మనందరం చూశాం.

దిగుమతులు ఆపేయాలని మన సంఘం అడగడం లేదు. ఆఫ్రికా పంట ఆగస్టు నుంచి చేతికొస్తుంది. మన కొత్త కంది డిసెంబరు, జనవరి నెలల్లో గానీ రాదు. ఆ మధ్య నెలల్లో మిల్లులు ఆడాలన్నా, హమాలీలకు పని దొరకాలన్నా, ఇళ్లలో పప్పు ధర అదుపులో ఉండాలన్నా ఆ సరుకు కావాల్సిందే. మనం అడిగేది దిగుమతి నిర్ణయం ముందుగా చెప్పమని.

ఎందుకో చెప్పడానికి మొజాంబిక్ సంగతే చాలు. 2016లో ధరలు మండుతున్నప్పుడు మన ప్రభుత్వం ఆ దేశంతో కందుల ఒప్పందం చేసుకుంది. దాన్ని నమ్మి నంపులా, జాంబేజియా ప్రాంతాల రైతులు కంది విరివిగా వేశారు. అక్కడ పండేది దాదాపుగా మన కోసమే. ఆ ఏడాది మన దగ్గరా పంట విరగపండింది. 2017 ఆగస్టులో కేంద్రం దిగుమతిని ఏడాదికి 2 లక్షల టన్నులకు కట్టడి చేసింది. ఒప్పందం సరుకుకు మినహాయింపు ఉన్నా అక్కడ ధర కుప్పకూలింది. తాండూరు రైతుకు జనవరిలో తగిలిన దెబ్బ, అక్కడి రైతుకు ఆనాడే తగిలింది. 2023 చివర్లో ఆ దేశపు నకాలా రేవులో ఎగుమతిదారుల వివాదం వల్ల సరుకు నిలిచిపోతే, ఇక్కడ ధర ఎగబాకింది.

ఆ దేశంతో మన బంధం సరుకుతోనే ఆగలేదు. భారత సంతతి వ్యాపారుల పెట్టుబడితో అక్కడ పప్పు మిల్లులూ వచ్చాయి. దాని పొరుగు దేశాలైన మలావీలో కచాంగు, టాంజానియాలో మాలి అని పిలిచే కంది రకం వెనుక మన పటాన్‌చెరు కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కృషి ఉంది. మన పక్క ఊరి శాస్త్రం అంత దూరపు పొలాల్లో పండుతోందంటే గర్వంగానే ఉంది.

అందుకే విత్తనాలు వేయకముందే, అంటే మే నెలాఖరులోగా, ఆ ఏటి దిగుమతి విధానాన్ని ప్రకటించాలని కోరుతూ కేంద్ర వ్యవసాయ, వినియోగదారుల వ్యవహారాల శాఖలకు లేఖలు పంపాం.

మిల్లర్ల సభలో మరో తీర్మానం చేశాం. దీనిపై వాదన గట్టిగానే జరిగింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దిగుమతి కందులు కలిపిన పప్పును తాండూరు పేరు వేసిన సంచుల్లో ఎవరూ అమ్మకూడదు. విదేశీ సరుకు ఆడితే సంచి మీద ఆ మాటే రాయాలి. దీన్ని మీరిన సభ్యులపై చర్య తీసుకునే అధికారం కార్యవర్గానికి ఇచ్చాం.

కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే సరుకు తిప్పి పంపుతారు. అందుకని యార్డు షెడ్డులో తేమ మీటరు పెట్టి, రైతులు తెచ్చిన గింజలు వారి ముందే పరీక్షించి చూపించాం. పంటి కింద టక్కుమంటే ఎండినట్టేనని నమ్మే పెద్దలు కూడా మీటరు అంకె చూసి, బస్తాలు విప్పి మళ్లీ కల్లంలో ఆరబోసుకున్నారు. పప్పుల నిల్వల వివరాలు వారం వారం కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడంపై చిన్న మిల్లర్లకు శిక్షణ ఇచ్చాం.

2025–26 మద్దతు ధర 8,000 రూపాయలు. నాలుగేళ్ల పాటు రైతు తెచ్చినంతా కొంటామని బడ్జెట్‌లో కేంద్రం మాట ఇచ్చింది. కొనుగోలు కేంద్రాలు డిసెంబరులోనే తెరిపించడం వచ్చే ఏడాది మన మొదటి పని. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో మీ ముందు ఉంచుతాం.

– కార్యదర్శి