సంక్రాంతికి బాటిల్ తేకు బావా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో అడిగావు చూడు, "మందు మానేసి ఏడాది దాటింది కదరా, ఇంకా ఈ కాళ్ల గోలేంటి?" అని. ఏదోలే అని మాట తప్పించి, మీ పెద్దాడి ఇంటర్ మార్కుల మీదకి వెళ్లిపోయాను. ఫోన్లో చెప్పే సంగతి కాదది. పైగా పక్కనే మా అత్తగారు ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం. ఇప్పుడు టైము రాత్రి రెండున్నర. ఈ వేళప్పుడు మన భీమవరం చుట్టుపక్కల మేలుకుని ఉండేది నేనూ, వీధికుక్కలూ, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు చూసుకునే కుర్రాళ్లూనూ.

నొప్పి అంటే నువ్వు దెబ్బ తగిలిన నొప్పి అనుకుంటున్నావు. ఇది వేరే రకం. పగలంతా అరికాళ్లు మొద్దుబారి, దూది మీద నడుస్తున్నట్టు ఉంటుంది. రాత్రి నడుం వాల్చగానే అవే కాళ్లు భగభగా మండుతాయి. కాసేపు సూదులు, కాసేపు చీమలు, ఒక్కోసారి బొటనవేలి నుంచి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేను. మీ చెల్లెమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. మంచం మీద, కాళ్ల దగ్గర చిన్న ప్లాస్టిక్ స్టూలు పెట్టి, దుప్పటి దాని మీదుగా కప్పుతుంది. గంప కింద పుంజుల్లా నా పాదాలు రెండూ అందులో ఉంటాయి.

ఇంకో సంగతి చెబితే నవ్వుతావు. పొద్దున్నే పాల ప్యాకెట్టుకి వెళ్లి తిరిగి వస్తుంటే ఎవరో పిల్లాడు వెనకాల పరిగెత్తుకొచ్చి "అంకుల్, మీ చెప్పు" అని ఒక హవాయి చెప్పు చేతికిచ్చాడు. కాలి నుంచి జారిపోయినట్టే నాకు తెలియలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే మడమలో గాజుముక్క. అప్పటి నుంచి రోజూ స్నానం అయ్యాక అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటున్నాను. ఈ వయసులో ఇదో సింగారం.

డాక్టరు ముందు షుగర్ చూశాడు, లేదు. బి12 విటమిను చూశాడు, బానే ఉంది. కొడితే సన్నగా వణికే ట్యూనింగ్ ఫోర్కు ఒకటి మోగించి నుదుటి మీద పెడితే జుమ్మంది. బొటనవేలి మీద పెడితే ఒట్టి ఇనప ముక్క. అప్పుడు అడిగాడు, "ఎంత తాగేవారు?" అని. "అప్పుడప్పుడండి" అన్నాను. మీ చెల్లెమ్మ సీలింగ్ ఫ్యాను వంక చూసింది. ఆయన ఆవిడ మొహం చూసి రాసుకున్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకూ ఇది. మందు నరాల్ని నేరుగా దెబ్బతీస్తుంది. అది చాలనట్టు, తాగేవాడు సరిగ్గా తినడు, తిన్నదాంట్లో బి1 విటమిను కూడా ఒంటికి సరిగా పట్టదు. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి, అందుకే కాలివేళ్లతో మొదలు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇంటికే కదా ముందు ఓల్టేజీ పడిపోయేది!

బి1 అంటే గుర్తొచ్చింది. మన కోళ్ల పిచ్చోళ్లందరికీ చెప్పాల్సిన కథ ఇది. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అని ఒక డచ్చి డాక్టరు ఉండేవాడు. ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెడితే ఆయన కోళ్లకి కాళ్లు పడిపోయాయి. మళ్లీ తవుడు పోని బియ్యం వేస్తే లేచి తిరిగాయట. ఆ తవుడులో ఉన్నదే ఈ బి1. ఆ కోళ్లే చివరికి ఆయనకి 1929లో నోబెల్ తెచ్చిపెట్టాయి. మనం పుంజు కాలికి కత్తి కట్టడం తప్ప ఏం కనిపెట్టాం? ఇప్పుడు మా ఇంట్లో దంపుడు బియ్యమే. అదీ గంజి వార్చకుండా అత్తెసరు.

సరే, అసలు విషయానికొస్తాను. మొదట్లో కాళ్లు మండినప్పుడు ఒక క్వార్టర్ వేస్తే తగ్గేది. నిజంగానే తగ్గేది బావా, అదే దరిద్రం. ఏది మంట పెడుతోందో దాంతోనే మంట ఆర్పుకున్నాను నాలుగేళ్లు. మాన్పించినప్పుడు మొదటి వారం ఆసుపత్రిలోనే ఉంచారు. నాలాంటివాడు ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చట. చేతులు వణుకుతుంటే మీ చెల్లెమ్మ చెంచాతో పెట్టింది. బయటికొచ్చాక, మందు మానేశాను కాబట్టి నొప్పి కూడా మర్యాదగా వెళ్లిపోతుందనుకున్నాను. పోలేదు. తాగినన్నాళ్లూ మత్తులో సగం తెలిసేది, ఇప్పుడు పూర్తిగా తెలుస్తోంది. నరం బాగుపడితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట, అదీ అన్నీ కుదిరితే. నడుం నుంచి కాలివేలి దాకా లెక్కేసుకున్నాను, మూడేళ్లు దాటుతోంది. మొత్తం తిరిగి వస్తుందని డాక్టరు మాటివ్వలేదు. తాగితే మాత్రం ఉన్నదీ పోతుందన్నాడు.

రాత్రికి నరాల మాత్ర ఒకటి ఉంది. అదీ నాలాంటివాడికి అలవాటైపోయే రకమని స్ట్రిప్పు మీ చెల్లెమ్మ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఒక్కటి చేతిలో పెడితే వేసుకుని నోరు మూసుకుంటున్నాను.

మొన్న కార్తీకంలో మా పిన్ని వచ్చి "కాళ్లకి ఇది రామబాణంరా" అని దశమూలారిష్టం సీసా ఇచ్చి వెళ్లింది. మూత తీయగానే ఆ వాసన! సీసా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ఉంది, స్వయంగా పుట్టిన ఆల్కహాలు అయిదు నుంచి పది శాతం అని. బీరుకేం తీసిపోలేదు. పిన్నికి తెలియదు పాపం. నేను వెంటనే పారబోయలేదు. రెండు రాత్రులు అలమారాలో ఉంచాను. మూడో రాత్రి ఇదే టైముకి మూత చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. మందేగా, అందులోనూ ఆయుర్వేదం, పైగా పెద్దావిడ ఇచ్చింది... లాయరుని మించి వాదించుకున్నాను నాలో నేనే. ఎలాగో మీ చెల్లెమ్మని లేపాను. ఒక్క మాట అనలేదు. సీసా తీసుకెళ్లి పెరట్లో మునగచెట్టు మొదట్లో పోసేసింది.

తెల్లారాక మా మీటింగుకి వచ్చే పెద్దాయనకి ఫోన్ చేశాను. అదే, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం. మీటింగులో విన్నవి బయట చెప్పకూడదు, ఇది ఫోన్లో విన్నది కాబట్టి చెబుతున్నా. ఆయన పకపకా నవ్వి, "నాకు దగ్గుమందురా అబ్బాయ్" అన్నాడు. ఎంత తేలికపడ్డానో!

ఇదంతా ఎందుకంటే, పండక్కి వస్తున్నావు కదా. ఎప్పుడొచ్చినా ఎయిర్‌పోర్టులో బాటిల్ కొనకుండా రాలేదు నువ్వు. నీ మీద నింద వేయట్లేదు, గ్లాసు పట్టింది నా చెయ్యే. కానీ ఈసారి వద్దు. నీ కోసం కూడా మా ఇంటికి తేకు. బరి దగ్గరకి కూడా నేను రాను. మధ్యాహ్నాలు నిద్రపోతుంటాను, లేపకు. సాయంత్రం వచ్చేయ్, అరిసెలు తింటూ కూర్చుందాం.

బాటిల్ డబ్బులతో నాకు మెత్తటి బూట్లు ఒక జత తీసుకురా. ముందు వెడల్పుగా ఉండాలి, లోపల కుట్లు గట్టిగా తగలకూడదు. ఈ కాగితం వెనక నా కుడి పాదం చుట్టూ పెన్సిలుతో గీశాను. చిన్నప్పుడు అరికాలు ముట్టుకుంటే వీధి చివరిదాకా పరిగెత్తేవాణ్ణి, గుర్తుందా? పెన్సిలు తిరుగుతుంటే ఏమీ తెలియలేదు. ఆ గీతకి ఒక వేలెడు ఎక్కువ చూసి తీసుకో.

నీ
వెనకబెంచీ బావ