పులిహోరలో ఒక పల్లీ గింజ

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి వెనక మున్నేకొలాలలో మన వంటిల్లు మొదలుపెట్టి ఆరేళ్లయింది. పండగలకి బొబ్బట్ల ఆర్డర్లు తీసుకునేటప్పుడు తప్ప మీకు ఇంత పొడుగు మెసేజ్ ఎప్పుడూ పెట్టలేదు. ఈసారి మా వల్ల జరిగిన ఒక తప్పు గురించి, దాని తర్వాత మార్చుకున్న పద్ధతి గురించి రాస్తున్నాను. కొన్ని మార్పులు మీకు చిరాకు తెప్పించొచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

మూడు నెలల కిందట కుందలహళ్లిలో ఒక సీమంతం. 85 మందికి మధ్యాహ్న భోజనం. ఆర్డర్ ఇచ్చినావిడ ఫోన్లో మరీ మరీ చెప్పారు, "మా అక్క కొడుక్కి పల్లీలు పడవండీ, ఒక్క గింజ తిన్నా ఊపిరాడదు" అని. రాసుకున్నాను. మా వంట మాస్టారికి చెప్పాను. మసాలాలో పల్లీలు పడతాయని ఆయనే గుత్తి వంకాయ తీసేసి వంకాయ కొత్తిమీర కారం పెట్టారు. పల్లీ పచ్చడి బదులు గోంగూర చేశారు. అంటే అంతా గుర్తుంది. తీరా పొద్దున్నే పులిహోర పోపు దగ్గరికొచ్చేసరికి సెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, వాటి వెనకే గుప్పెడు పల్లీలు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

వడ్డన మొదలయ్యాక ఆ పిల్లాడి తల్లి నన్ను పక్కకి పిలిచారు. గొంతు కూడా పెంచలేదు. కొడుకు ప్లేటులోంచి తీసిన పల్లీ గింజ, పసుపు అంటుకుని ఇంకా వెచ్చగా ఉంది, నా అరచేతిలో పెట్టారు. "వాడింకా నోట్లో పెట్టుకోలేదు" అన్నారు. అంతే. ఆ రోజు భోజనానికి డబ్బులు తీసుకోలేదు, కానీ డబ్బుతో పోయే సంగతి కాదది.

ఆవిడ ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. రెండు రోజుల తర్వాత క్షమాపణ అడగడానికి ఇంటికి వెళ్తే తిట్లు తప్పవనుకున్నాను. కాఫీ ఇచ్చి, ఆపరేషన్ థియేటర్లో వాళ్లు ఏం చేస్తారో చెప్పారు. మత్తు ఇచ్చే ముందే పేషంట్ ఎవరు, ఏ ఆపరేషన్, శరీరంలో ఎక్కడ, ఏదైనా పడకపోవడం ఉందా అని నోటితో అడిగి ఖాయం చేసుకుంటారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు అది, మొత్తం 19 అంశాలు. ఢిల్లీతో సహా 8 నగరాల్లో 8 ఆసుపత్రులు వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్లు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గారని 2009లో లెక్కలు వచ్చాయట.

ఇదంతా చెప్తే మా మాస్టారికి కోపం వచ్చింది. "ఇరవై రెండేళ్లుగా వండుతున్నా. ఇప్పుడు కాగితం చూసి పోపు వెయ్యాలా?" అన్నారు. ఆయన్ని ఒప్పించింది నేను కాదు, శనివారం శనివారం కూరలకి వచ్చే ఒక పెద్దాయన. విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో చేసి రిటైరయ్యారు. 1935లో అమెరికాలో బోయింగ్ కొత్త బాంబర్ విమానం పైకి లేచీ లేవగానే కూలిపోయిందట. నడిపింది అనుభవం లేనివాడేం కాదు, సైన్యంలో పేరున్న టెస్ట్ పైలట్. తోక భాగం గాలికి ఊగకుండా పట్టి ఉంచే లాక్ ఒకటుంటుంది, బయల్దేరే ముందు అది తియ్యడం మర్చిపోయారు. ఆ తర్వాతే పైలట్లకి చెక్‌లిస్టులు వచ్చాయని ఆయన చెప్పారు. మాస్టారు కాసేపు గరిటె కదపలేదు. "అంత పెద్ద పైలటా?" అని మాత్రం అడిగారు.

సరే అని చెక్‌లిస్టు తయారుచేశాను. అక్కడ నేనింకో తప్పు చేశాను. 46 లైన్లు! ఉప్పు చూశారా, గరిటెలు పెట్టారా, స్టవ్ తుడిచారా, తోచిందల్లా రాసి, లామినేషన్ చేయించి గోడకి తగిలించాను. మూడో వారం వర్తూరులో ఒక గృహప్రవేశానికి పెరుగు లేకుండా బండి వెళ్లిపోయింది. వచ్చి చూస్తే పెరుగు క్యాన్ ఫ్రిజ్ పక్కనే ఉంది, లిస్టులో పెరుగు ఎదురుగా టిక్కూ ఉంది. టీ తాగుతూ మొత్తం 46 టిక్కులు ఒకే ఊపున కొట్టేశారు. మావాళ్లని ఏమనను? నేనైనా అదే చేసేదాన్ని.

డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్తే నవ్వారు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో బయటికొస్తే, చెక్‌లిస్టు పెట్టాక చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదట. "కాగితం ఉంటే సరిపోదమ్మా, ఆగాలి, పైకి చదవాలి" అన్నారు.

ఇప్పుడు మా లిస్టు తొమ్మిది లైన్లే. టిక్కుల్లేవు. మూడుసార్లు పని ఆపుతాం: ముందురోజు రాత్రి పప్పు నానబోసే ముందు, పోపు పెట్టే ముందు, గూడ్స్ ఆటో తలుపు వేసే ముందు. వండేవాళ్లు చదవరు. గిన్నెలు కడిగే అమ్మాయి గట్టిగా చదువుతుంది, మాస్టారు వస్తువు చేత్తో పట్టుకుని చూపించాలి. మొదట్లో ఆ అమ్మాయి సిగ్గుపడేది. ఇప్పుడు "చూపించండి మాస్టారూ" అని దబాయిస్తోంది. పోపు డబ్బాలోంచి పల్లీలు తీసేసి మూతున్న వేరే సీసాలో, పై అరలో పెట్టాం. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఈ సీసానే.

ఇక మీకు సంబంధించినవి. ఫంక్షన్ ముందురోజు సాయంత్రం ఆరింటికి ఇదే నంబరు నుంచి ఫోన్ చేసి మెనూ, మంది, టైము, ఎవరికి ఏం పడదో మీకే చదివి వినిపిస్తాం. రెండు నిమిషాలు, దయచేసి ఎత్తండి. ఆ ఫోన్ తర్వాత "ఇంకో పదిమంది వస్తున్నారండీ" అంటే కుదరదు. మేం తప్పులు చేసిన రోజులు చూసుకుంటే, చాలావరకు ఆఖరి నిమిషంలో ఏదో మారిన రోజులే.

రెండోది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. మా వంటింట్లో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు రోజూ వాడతాం. మూకుళ్లు అవే, మిక్సీ అదే. కాబట్టి వీటిలో ఏదైనా ప్రాణం మీదికి తెచ్చేంత పడనివాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఆ ఆర్డర్ మేం తీసుకోం. ఏ చెక్‌లిస్టు పెట్టుకున్నా దానికి నేను హామీ ఇవ్వలేను.

ఆ సీమంతం జరిగిన ఇంట్లో వచ్చే వారం బారసాల. మళ్లీ మాకే ఫోన్ చేశారు, 120 మందికి. అక్క కొడుకు వస్తున్నాడా అని అడిగాను. వస్తున్నాడన్నారు. కుదరదండీ అని చెప్పి, చిన్న వంటిల్లు విడిగా పెట్టుకుని అడిగినట్టు వండే ఇంకొకరి నంబరు ఇచ్చాను.