ప్రభుత్వ డబ్బుతో కొనే రంపం మెషిన్‌కు వేళ్ళను కాపాడే ఏర్పాటు ఉండాలి: కేంద్ర ఎంఎస్ఎంఈ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2023 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి రోజున మొదలైన పీఎం విశ్వకర్మ పథకం మీ శాఖ కిందే నడుస్తోంది. 18 చేతివృత్తుల జాబితాలో మొదటి పేరు వడ్రంగిదే. కొన్ని రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, రెండో విడతలో రెండు లక్షల దాకా అప్పు. బ్యాంకు మెట్లెక్కడానికే జంకే మా వాళ్ళకు ఇది పెద్ద ఆసరా, అందుకు కృతజ్ఞతలు. ఆ అప్పు చేతికొచ్చాక చాలామంది వడ్రంగులు మొదట ఆలోచించేది రంపం మెషిన్ గురించే. ఈ లేఖ కూడా దాని గురించే.

నేను వడ్రంగి ఇంట్లో పుట్టి, ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర నేర్చుకుని సొంతంగా షాపులు పెట్టుకున్నవాళ్ళలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. "జాగ్రత్తగా లేకపోతే అంతే మరి" అని బయటివాళ్ళు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. వాళ్ళు ఉలి పట్టినా, రందా పట్టినా నేను వేలెత్తి చూపలేనంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళు. మెషిన్‌లోనే లోపం ఉంటే మనిషి జాగ్రత్త ఎంతసేపు కాస్తుంది?

మీరు ఒకసారి ఏ ఊళ్ళోనైనా, ఏ కార్పెంటర్ షాపుకైనా ముందుగా చెప్పకుండా వెళ్ళి చూడండి. రందా మెషిన్‌కు ఒక పక్క రంపపు బ్లేడు బిగించి ఉంటుంది. లేదంటే వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప టేబుల్, కింద మోటారు, బెల్టు, పైన ఏ కప్పూ లేకుండా బ్లేడు. అపార్ట్‌మెంట్లలో ఇంటీరియర్ పని జరిగే చోట ఇంకా ఘోరం. చేత్తో పట్టుకుని వాడాల్సిన కట్టర్‌ను తలకిందులు చేసి, ప్లైవుడ్ ముక్కకు కింది నుంచి బిగిస్తారు. దాని స్విచ్ ఎప్పుడూ నొక్కి ఉండేలా వైరుతో కట్టేస్తారు. అదే వాళ్ళ టేబుల్ సా, అంటే టేబుల్‌కు బిగించిన రంపం మెషిన్. ఆపాలంటే గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్ పీకాలి.

10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. బ్లేడుకు 40 పళ్ళుంటే ఒక్క సెకనులో రెండు వేల ఆరు వందలకు పైగా పళ్ళు ఒకే చోటు మీదుగా పోతాయి. వేలికి బ్లేడు తగిలిందని మెదడుకు తెలిసి, చెయ్యి వెనక్కి వచ్చేసరికి సెకనులో ఐదో వంతు గడుస్తుందనుకున్నా, ఆలోపు ఐదు వందల పళ్ళు వేలి మీదుగా వెళ్ళిపోతాయి. అందుకే రంపం మెషిన్ దెబ్బ కత్తి గాటులా ఉండదు. ఎముక, నరం, రక్తనాళం అన్నీ నుజ్జవుతాయి, తిరిగి అతికించడం సర్జన్లకు కష్టమవుతుంది.

చెయ్యి బ్లేడు మీదికి ఎలా వెళ్తుందో కూడా చెప్పాలి. ఏమరుపాటుగా వేలు పెట్టడం ఒక్కటే కారణం కాదు. కోస్తున్న చెక్క లోపలి బిగువు వల్ల, కోత పడిన రెండు భాగాలు దగ్గరికి ముడుచుకుని బ్లేడు వెనక భాగాన్ని పట్టేస్తాయి. వెనక పళ్ళు కింది నుంచి పైకి లేస్తుంటాయి కాబట్టి చెక్కను ఎత్తి మనిషి మీదికి విసురుతాయి. చెక్క ఎగిరిపోయిన క్షణంలో, దాన్ని నెడుతున్న చెయ్యి ఆ ఊపుకు నేరుగా బ్లేడు మీద పడుతుంది. ఎంత అనుభవం ఉన్నవాడికైనా తప్పించుకునే టైమ్ ఉండదు. దీన్ని ఆపడానికి బ్లేడు వెనకే, దాని వరసలోనే ఒక పలుచని ఇనుప రెక్క నిలబెడతారు. రివింగ్ నైఫ్ అంటారు. కోత ముడుచుకోకుండా అది అడ్డుపడుతుంది. మామూలు ఇనుప ముక్క, మందం సరిగ్గా చూసుకుంటే చాలు.

మన దగ్గర ఇంకో ప్రమాదం కరెంటు. పని మధ్యలో పవర్ పోతుంది. బ్లేడు ఆగిందని కుర్రాడు ఇరుక్కున్న ముక్క తీయబోతాడు, అంతలో కరెంటు వస్తుంది, స్విచ్ ఆన్‌లోనే ఉంది కాబట్టి మెషిన్ దానంతటదే తిరుగుతుంది. కరెంటు పోగానే తనే ఆఫ్ అయిపోయి, మళ్ళీ బటన్ నొక్కితే తప్ప ఆన్ కాని స్విచ్‌లు ఏనాడో వచ్చాయి. చిన్న షాపుల మెషిన్లకు అవి బిగించి ఉండటం నేను చూసింది చాలా అరుదు.

ఇవన్నీ చట్టానికి కొత్త కాదు. చెక్క పని యంత్రాల గురించి ఫ్యాక్టరీ నియమాల్లో ప్రత్యేక షెడ్యూలే ఉంది. బ్లేడు వెనక రివింగ్ నైఫ్, పైన సర్దుకునే కప్పు, టేబుల్ కింద బ్లేడుకు రెండు పక్కలా రేకులు, చెక్కను నెట్టడానికి పుష్ స్టిక్ ఉండాలని అందులో రాసి ఉంది. కానీ అది ఫ్యాక్టరీలకే వర్తిస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. తండ్రి, కొడుకు, ఒక హెల్పర్ కలిసి నడిపే షాపు ఏ లెక్కలోకీ రాదు. ఇన్‌స్పెక్టర్‌ను ప్రతి షాపుకూ పంపమని నేను అడగడం లేదు, అది వేధింపుల దారి పడుతుందని నాకు తెలుసు. ఆ షాపును చేరే దారి మీ దగ్గరే ఉంది, అది మీరిచ్చే అప్పు.

ఇప్పుడు బ్లేడును పట్టి ఆపే బ్రేకు సంగతి. అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే పేటెంట్ లాయర్, భౌతికశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నాయన, 1999లో దీన్ని కనిపెట్టారు. బ్లేడులోకి చిన్న విద్యుత్ సిగ్నల్ పంపుతారు. చెక్క తగిలితే ఆ సిగ్నల్‌లో పెద్దగా మార్పు ఉండదు. మనిషి చర్మం తగిలితే సిగ్నల్ కొంత శరీరంలోకి పోతుంది, సర్క్యూట్ ఆ తేడాను వెంటనే పసిగడుతుంది. గట్టి స్ప్రింగును పట్టి ఉంచిన సన్నని తీగను కరిగించేస్తుంది. స్ప్రింగు విడివడి అల్యూమినియం దిమ్మను బ్లేడు పళ్ళలోకి గుచ్చుతుంది. బ్లేడు ఆగుతుంది, అదే ఊపుకు టేబుల్ కిందికి దిగిపోతుంది. ఇదంతా 5 మిల్లీసెకన్ల లోపే జరుగుతుంది. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో వెళ్తున్న చెయ్యి ఆ వ్యవధిలో కదిలేది ఒకటిన్నర మిల్లీమీటర్లే. వేలు తెగాల్సిన చోట చిన్న గాటు పడుతుంది. వేలికి బదులు సాసేజ్ (మాంసంతో చేసిన కడ్డీ) పెట్టి చూపించడం చాలదన్నట్టు, గాస్ తన వేలినే తిరుగుతున్న బ్లేడుకు తాకించి చూపించారు.

పెద్ద కంపెనీలు ఆ బ్రేకు తీసుకోలేదు. అప్పుడాయన, ఆయన తోటివాళ్ళు సాస్టాప్ పేరుతో సొంత కంపెనీ పెట్టి 2004లో మెషిన్లు అమ్మడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాదే, అన్ని టేబుల్ సాలకూ ఇలాంటి రక్షణ తప్పనిసరి చేయమని అక్కడి వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్‌ను కోరారు. కమిషన్ 2017లో ముసాయిదా నిబంధన తెచ్చింది, 2023లో దాన్ని సవరించింది. ఇరవై ఏళ్ళు దాటినా అది అమల్లోకి రాలేదు. ధరలు పెరుగుతాయని, పేటెంట్లన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయని మిగతా తయారీదారులు అడ్డు చెప్పారు. ఆ పేటెంట్ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. బాష్ కంపెనీ బ్లేడు పాడవకుండా కిందికి లాగేసే మెషిన్ తెస్తే, పేటెంట్ గొడవతో 2017లో అమెరికాలో దాని అమ్మకం ఆగిపోయింది. నిబంధన అమల్లోకి వస్తే కీలకమైన ఒక పేటెంట్‌ను అందరికీ వదిలేస్తామని 2024లో సాస్టాప్ ప్రకటించింది. ఈ వాదనలు సాగినన్నాళ్ళూ అక్కడ ఏటా 30,000కు పైగా గాయాలు, దాదాపు 4,000 మందికి వేళ్ళో, వేళ్ళ ముక్కలో పోవడం మామూలైపోయింది. మనం అదే దారిలో ఇరవై ఏళ్ళు నడవాల్సిన పని లేదు.

ఈ బ్రేకుకు ఇబ్బందులు లేవని చెప్పను. ఒకసారి పడితే అల్యూమినియం దిమ్మ ఉండే కాట్రిడ్జ్, బ్లేడు రెండూ మార్చాలి. కాట్రిడ్జే సుమారు 100 డాలర్లు, అంటే ఒక కార్పెంటర్ వారం కూలీ. పచ్చి చెక్క, పాత తలుపుల్లో ఉండిపోయిన మేకు, అల్యూమినియం పొర ఉన్న షీటు తగిలినా బ్రేకు పడిపోవచ్చు. అలాంటివి కోసేటప్పుడు దాన్ని తాత్కాలికంగా ఆపే ఏర్పాటు ఉంది కానీ, ఆపేశాక రక్షణ కూడా ఉండదు. దుంగలు కోసే సామిల్లుకు ఇది పనికిరాదు. ప్లైవుడ్, ఎండిన టేకు కోసే ఫర్నిచర్, ఇంటీరియర్ పనికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. వడ్రంగుల్లో ఎక్కువమంది ఇప్పుడు చేస్తున్నదీ ఆ పనే. ఆస్ట్రియాకు చెందిన ఫెల్డర్ ఇంకో దారి పట్టింది. చెయ్యి తాకకముందే, దగ్గరికి వస్తుండగానే గుర్తించి బ్లేడును కిందికి లాగేస్తుంది. బ్లేడు పాడవదు, కాట్రిడ్జ్ ఖర్చూ లేదు. అది పెద్ద ఖరీదైన మెషిన్లలోనే వస్తోంది.

అందుకే నేను ముందుగా అడిగేది ఖరీదైన మెషిన్ కాదు. పీఎం విశ్వకర్మ అప్పుతో గానీ, పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీతో గానీ కొనే ప్రతి రంపం మెషిన్‌కూ రివింగ్ నైఫ్, బ్లేడు కప్పు, కరెంటు పోతే ఆఫ్ అయ్యే స్విచ్, మోకాలితో నొక్కి ఆపగలిగే స్టాప్ బటన్ ఉండాలని మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం చేర్చండి. కొటేషన్‌లో ఇవి లేకపోతే బ్యాంకు డబ్బు విడుదల చేయకూడదు. ఆ షరతు పెట్టిన మరుక్షణం మెషిన్లు తయారుచేసేవాళ్ళే మారతారు. ఆ భారం కొనేవాడి మీద పడకుండా, కప్పుకూ స్విచ్‌కూ అయ్యే ఖర్చు పనిముట్ల వోచర్‌కు అదనంగా ఇవ్వండి.

ఇప్పటికే షాపుల్లో ఉన్న మెషిన్ల సంగతి వేరు, వాటిని పారేయమని ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్ బాలానగర్‌లో మీ శాఖకే చెందిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968 నుంచి పరిశ్రమలకు టూల్స్ డిజైన్ చేస్తున్న సంస్థ. మన దగ్గర వెల్డింగ్ చేసి వాడే టేబుళ్ళకు బిగించుకోగల రివింగ్ నైఫ్, కప్పుల కిట్‌ను డిజైన్ చేసే పని వాళ్ళకు అప్పగించండి. డ్రాయింగులు అందరికీ ఇస్తే ఊరి వెల్డింగ్ షాపులోనే తయారవుతాయి. గడువు తీరిన పేటెంట్లు ఏవో చూసి, మన ధరకు, మన చెక్కకు తగిన బ్రేకు తయారుచేసే పని కూడా ఆ సంస్థ మొదలుపెట్టగలదు. అంతవరకూ ఫర్నిచర్ క్లస్టర్లలో మీరు నిధులిచ్చే ఉమ్మడి సౌకర్య కేంద్రాల్లో బ్రేకు ఉన్న మెషిన్లు పెట్టండి. పది షాపుల వాళ్ళు ప్లైవుడ్ అక్కడికి తెచ్చి కోయించుకుంటారు, ఒకరిద్దరికి కొనగలిగే శక్తి వచ్చినప్పుడు దాని విలువ ముందే తెలిసి ఉంటుంది.

విశ్వకర్మ శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించండి. తిరిగే బ్లేడు దగ్గర చేతి గ్లౌజులు వేసుకోకూడదని చాలామందికి తెలియదు, గ్లౌజును బ్లేడు లాక్కుంటే చెయ్యి మొత్తం వెళ్తుంది. వేలు తెగితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను ఐసు మీద ఉంచి ఆసుపత్రికి తేవాలి. నేరుగా ఐసులో వేస్తే కణజాలం చచ్చిపోతుంది. కంగారులో అలా వేసి తెచ్చి, అతికించే అవకాశం కూడా పోగొట్టుకున్న కుటుంబాన్ని నేనెరుగుదును.

పరిహారం గురించి కూడా ఒక మాట. 2025 నవంబర్ 21 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం నష్టం అని లెక్క ఉండేది. ఉలి పట్టే చేతికి బొటనవేలు లేకపోతే మిగిలేది 70 శాతం పని కాదు. ఆ కొద్దిపాటి పరిహారమైనా యజమాని ఉంటేనే వస్తుంది. మీ పథకంలో చేరిన వడ్రంగి తనకు తానే యజమాని, అతడికి ఇచ్చేవారెవరూ లేరు. 40 శాతం వైకల్యం ఉంటే తప్ప పింఛను రాదు, రెండు మూడు వేళ్ళు పోయినవాడికి సాధారణంగా అంత శాతం రాయరు. విశ్వకర్మ గుర్తింపు కార్డు ఉన్న ప్రతి ఒక్కరికీ పని ప్రమాద బీమా కూడా జతచేస్తే, మంచం పట్టిన నెలల్లో అప్పు వాయిదా కట్టలేక అతడు మెషిన్ అమ్ముకోవాల్సిన గతి పట్టదు.

చివరగా లెక్క. అమెరికాలో సుమారు వంద ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల నుంచి, ఏ వస్తువు వల్ల గాయమైందో రాసుకుని దేశం మొత్తానికి అంచనా వేస్తారు. ఆ 30,000 అంకె అలా వచ్చిందే. ఆరోగ్య శాఖతో మాట్లాడి మన దగ్గర కూడా మొదలుపెట్టండి. హైదరాబాద్ ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, విశాఖ కేజీహెచ్‌లలో చేతి గాయంతో వచ్చినవారి కేస్ షీట్‌లో ఏ మెషిన్, దానికి కప్పు ఉందా లేదా, అది ప్రభుత్వ అప్పుతో కొన్నదా అనే మూడు ప్రశ్నలు చేర్చినా చాలు. ఒక ఏడాది తర్వాత ఆ వివరాలు పార్లమెంటు ముందు పెట్టండి.

ఇట్లు,
కార్పెంటర్ ట్రేడ్ రిటైర్డ్ ఇన్‌స్ట్రక్టర్,
వరంగల్

ప్రతులు: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రులకు