కళ్లంలో వచ్చిన లెక్క బడిలో ఎందుకు రాదు?

సంపాదకుల వారికి నమస్కారం.

పిల్లలకు భాగహారాలు రావడం లేదని ఏదో ఒక సర్వే చెప్పడం, దానిమీద రెండు రోజులు చర్చ నడవడం, ఆ తర్వాత బడుల్లో మరికొన్ని వర్క్‌షీట్లు పెరగడం మనకు అలవాటైపోయింది. బడి బయట ఆ పిల్లలకు ఏయే లెక్కలు వచ్చునో, అవి ఎవరి దగ్గర ఎలా అబ్బాయో మాత్రం ఎవరూ ఆరా తీయడం లేదు.

మా నెల్లూరు జిల్లాలో వడ్ల బేరం పుట్లలో సాగుతుంది. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేదేమో క్వింటాలుకు. 2024-25లో సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,300 రూపాయలని ప్రకటించినప్పుడు, మా ఊరి కళ్లంలో దళారి చెబుతున్న ధరకూ దానికీ ఎంత తేడా ఉందో తేల్చినవాడు ఏడో తరగతి కుర్రవాడు. చేతిలో కాగితం లేదు, కలం లేదు. "ఎనిమిది క్వింటాళ్లకు 18,400, అర క్వింటాలుకు 1,150, మొత్తం 19,550 రావాల మామా" అన్నాడు. అదే పిల్లవాడు బడిలో 2,300ను 8.5తో గుణించమంటే దశాంశ బిందువు సంగతి మరచి 1,95,500 అని రాసి ఊరుకున్నాడు. పుట్టి వడ్లకు రెండు లక్షలు పలుకుతుందని కళ్లంలో ఎవరైనా అని ఉంటే ముందుగా నవ్వేది వాడే.

ఇది మన ఊళ్లకే పరిమితమైన వింత కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్ముకునే పిల్లలను పరిశీలించి 1985లో ప్రచురించిన అధ్యయనంలో, బేరం మధ్యలో అడిగిన లెక్కలకు 98 శాతం సరైన జవాబులు వచ్చాయి. అవే లెక్కలను ఉత్త అంకెలుగా ఇచ్చినప్పుడు ఆ పిల్లలే 37 శాతం దగ్గర ఆగిపోయారు. అక్కడ చూసింది ఐదుగురు పిల్లలనే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయవచ్చు. కానీ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో చాలా పెద్ద సంఖ్యలో పిల్లలను పరీక్షించి 2025లో 'నేచర్' పత్రికలో వెల్లడించిన ఫలితాలూ అదే దారిలో ఉన్నాయి. పైగా బడి లెక్కలు బాగా చేసే పిల్లలు అంగడి లెక్కల దగ్గర తడబడ్డారని కూడా అందులో తేలింది.

కళ్లంలో ఆ కుర్రవాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. మొదట బస్తాలు లెక్కపెట్టమన్నారు. మరుసటి పంటకు కాటా దగ్గర నిలబెట్టి తూకాలు రాయమన్నారు. ఆ తర్వాత "ఎంతయిందిరా అబ్బయ్యా?" అని అడగడం మొదలుపెట్టారు. తప్పు చెబితే పక్కనున్న నలుగురూ కల్పించుకున్నారు, ఎక్కడ తప్పాడో వాడే తెలుసుకునేదాకా వదలలేదు. 1934లో 37 ఏళ్లకే కన్నుమూసిన సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ చెప్పినదీ ఇదే. ఆలోచన ముందు మనుషుల మధ్య మాటగా నడిచి, ఆపైన పిల్లల లోపలికి చేరుతుందనీ, ఇవాళ పెద్దల ఆసరాతో చేయగలిగినదాన్ని రేపు సొంతంగా చేస్తారు కాబట్టి చదువు ఆ మధ్య దూరాన్ని పట్టుకోవాలనీ ఆయన వాదించాడు.

మన తరగతి గదిలో నడిచేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. పక్కవాడిని అడిగితే కాపీ, గట్టిగా అంటే అల్లరి. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు గది నిశ్శబ్దంగా ఉంటే మంచి బడి అన్న పేరు కూడా వస్తుంది! యానాది గిరిజన పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయంగా పరిణమిస్తోంది. ఏ కాలువలో ఏ చేప ఎప్పుడు దొరుకుతుందో, పీతను ఎలా పట్టాలో పెద్దల వెంట తిరిగి నేర్చుకున్న పిల్లలు, బడిలో తమ మాటకు తోటివారు నవ్వేసరికి నోరు మెదపడం మానేస్తారు. వారికి చదువు మీద శ్రద్ధ లేదని మనం తీర్మానించేస్తాం.

పిల్లలను పనికి పంపమని నేను చెప్పడం లేదు. కళ్లం లెక్కతోనే బీజగణితం రాదు, ఎనిమిదిన్నరను విడగొట్టిన ఆ ఉపాయాన్ని విభాగ న్యాయంగా, అంటే ఒక సంఖ్యను ముక్కలు చేసి విడివిడిగా గుణించి కలిపే సూత్రంగా గుర్తించి పలకమీద చూపడానికి ఉపాధ్యాయుడు కావలసిందే. అయితే ఆ ఉపాయం పిల్లవాడి దగ్గర ఉందని ఉపాధ్యాయుడికి ముందు తెలియాలి కదా.

జాతీయ విద్యా విధానం-2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర గడపాలని సూచించింది. ఆ పది రోజులను ఆటపాటలతో సరిపెట్టకుండా, ఉదయగిరిలో చెక్క గరిటెలు మలిచేవారి ముంగిట కొన్ని, వరి ఊళ్లలో కళ్లాల దగ్గర కొన్ని గడిపేలా జిల్లా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి. మార్చి, ఏప్రిల్ కోతలు వార్షిక పరీక్షలకు అడ్డమొస్తాయి. సోమశిల జలాశయం నీళ్లు అంది ఎడగారు (రెండో పంట) సాగైన ఏడాది ఆగస్టు, సెప్టెంబరు కోతలు ఇందుకు అనువైనవి. పిల్లల వెంట లెక్కల మాస్టరు కూడా వెళ్లి, కాటా పక్కన నిలబడి, వారు నోటితో వేసిన లెక్కలను రాసుకుని వచ్చి మర్నాడు వాటితోనే పాఠం మొదలుపెట్టాలని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా