వేలిముద్ర ఎక్కడ వేయాలి? విద్యాశాఖ మంత్రి గారికి గుంటూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో ఉంటాను. ఈ చుట్టుపక్కలే ఉన్న ఒక విద్యాసంస్థలో సోషల్ వర్క్ చెబుతాను, పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను. సంస్థ పేరు రాయడం లేదు. పరిశోధనలో పాల్గొనే మనుషుల మేలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి గానీ, పరిశోధనకి నిధులు గానీ సకాలంలో దొరకకపోవడం ఒక్క చోటి సమస్య అయితే అక్కడి పెద్దలకే చెప్పుకునేదాన్ని. గుంటూరులో, విజయవాడలో వేరే కాలేజీల్లో పనిచేసే స్నేహితులను అడిగినా ఇదే గోడు వినపడుతోంది కాబట్టి మీకు రాస్తున్నాను.

మా విద్యార్థిని ఒకమ్మాయి మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తోంది. గుంటూరు మిర్చి యార్డు సంగతి మీకు తెలియనిది కాదు. సీజన్‌లో అటువైపు ఆటోలో వెళ్తేనే తుమ్ములు ఆగవు. అలాంటిది ఆ ఘాటులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, కిలోకింత అని కూలి మాట్లాడుకుని, ఒక్కో కాయకీ తొడిమ తుంచే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గు, ఆయాసం, కళ్ల మంట, వాటికోసం వాళ్లు పెట్టే ఖర్చు, పని మానేస్తే ఇంట్లో ఏమవుతుంది అన్నవి ఆ అమ్మాయి ప్రశ్నలు.

ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టే ముందు సమ్మతి పత్రంలోని భాష వాళ్లకు అర్థమవుతుందో లేదో చూద్దామని ఇద్దరం ఒక షెడ్డు దగ్గరికి వెళ్లాం. ప్రశ్నలేమీ అడగలేదు, ఆ కాగితం చూపించడం వరకే. మేం దాన్ని కష్టపడి తెలుగులో రాసుకున్నాం. ‘పరిశోధనలో పాల్గొనుటకు నా స్వచ్ఛంద సమ్మతిని ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని మొదలవుతుంది. అరవై ఏళ్లు ఉంటాయేమో, ఒకావిడ చేతులు చీరకొంగుకి తుడుచుకుని కాగితాన్ని అంచులతో పట్టుకుంది. ఎంత తుడుచుకున్నా వేళ్ల ఎరుపు కాగితానికి అంటింది. కాసేపు చూసి, “ఇది లోను కాయితమా అమ్మాయ్? ఏలిముద్ర ఏడెయ్యాలి?” అంది.

అందులో ఏం రాసుందని అడగలేదండీ. వేలిముద్ర ఎక్కడ వేయాలని అడిగింది. ఆ రోజు నుంచి నాకు ఆ ప్రశ్న మనసులోంచి పోలేదు. మేం వచ్చేస్తుంటే ఇంకో ఆవిడ గేటు దాకా వచ్చి, “ఏవన్నా రాసుకుంటే రాసుకోండి గానీ మా మేస్త్రీతో మాత్రం చెప్పమాకండి” అని మెల్లగా అంది.

దరఖాస్తు నవంబర్‌లో పెట్టాం. కమిటీ కూర్చోలేదు. న్యాయ నిపుణుడిగా ఉన్న సభ్యుడు తప్పుకున్నారు, ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. కమిటీ పనులు చూసే గుమస్తా గారికి పరీక్షల విభాగం కూడా అప్పగించారు. ఆయన మంచివారే, పాపం ఒక మనిషి ఎన్ని చూస్తారు? ఒకసారి మా ఫైలు తిరగేసి, “మీరు మనుషులకి మందులేమీ ఇవ్వట్లేదు కదమ్మా, మీకెందుకు ఈ పర్మిషన్?” అని అడిగారు కూడా. కమిటీ చివరికి ఏప్రిల్ ఆఖర్లో కూర్చుంది. మేలో యార్డుకి వేసవి సెలవులు. మాకు సీజన్ పోయింది. మిరప కోతలు మళ్లీ వచ్చేదాకా ఆ అమ్మాయి ఆగింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎథిక్స్ కమిటీలు అడ్డంకి, వాటిని తగ్గించండి అని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ కమిటీ కూర్చున్న రోజు మాకు చేసిన మేలు చిన్నది కాదు. మా కాగితంలో ‘మీరు చెప్పనన్నా మీ పనికి ఏ ఇబ్బందీ రాదు’ అని ఒక వాక్యం ఉంది. సామాన్య ప్రజల తరఫున కూర్చున్న సభ్యురాలు, రిటైరైన స్కూలు టీచర్, ఆ వాక్యం దగ్గర ఆగారు. “ఈ మాట మీరెలా ఇస్తారమ్మా? పనిలో పెట్టుకునేది మేస్త్రీ కదా?” అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు తట్టనిది ఆవిడకి తట్టింది. దాంతో షెడ్డు దగ్గర మాట్లాడటం మానేసి సాయంత్రం ఇళ్ల దగ్గరే మాట్లాడాలని, పేర్లు రాసుకోకూడదని, చెప్పింది మేస్త్రీకి గానీ షెడ్డు యజమానికి గానీ చేరదని మాట ఇవ్వాలని మార్చుకున్నాం. కాగితంలో భాష కూడా మారింది. ‘మీకు ఇష్టమైతేనే చెప్పండి. మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపేయండి. ఎందుకని అడగం.’ అంతే.

అలాంటి కమిటీ నవంబర్‌లోనే కూర్చుని ఉంటే ఎంత బాగుండేది!

ఈ జాగ్రత్త ఎందుకో మన రాష్ట్రానికి వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు జరిగింది. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలకి, టీకాలు వేశారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టిన సంగతి తర్వాత విచారణలో బయటపడింది, పార్లమెంటు స్థాయీ సంఘం కూడా 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2011లో మన పిడుగురాళ్ల మహిళలను మందుల పరీక్షల కోసం హైదరాబాద్ తీసుకెళ్లారన్న వార్తలు వచ్చినప్పుడు నేను గుంటూరులోనే ఉన్నాను. డబ్బు అవసరం ఉన్న మనిషి, చదవలేని కాగితం, కింద ఒక వేలిముద్ర. ఆ షెడ్డులో పెద్దావిడ నన్ను అడిగిన ప్రశ్న ఆ కథలకి ఎంత దగ్గరగా ఉందో తలుచుకుంటే భయం వేస్తుంది.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు చాలా వివరంగా ఉన్నాయి. ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక పరిశోధన కూడా వాటి కిందకే వస్తుంది. అంటే గుమస్తా గారి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, ఛైర్మన్ బయటివాళ్లయి ఉండాలి, న్యాయం తెలిసినవాళ్లు, సామాజిక శాస్త్రవేత్త, సామాన్యుల తరఫున ఒకరు ఉండాలి. ప్రమాదం తక్కువ ఉన్న పరిశోధనలను త్వరగా చూసి పంపేసే పద్ధతి కూడా అందులో ఉంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాక వైద్య, ఆరోగ్య పరిశోధనలు చూసే కమిటీలు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర రిజిస్టర్ అవ్వాలి. పీహెచ్‌డీ పిల్లలకి పరిశోధన నైతికత మీద 2 క్రెడిట్ల కోర్సు తప్పనిసరి అని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అదే యూజీసీ, 2019లోనే చెప్పింది. మా పిల్లలు ఆ 30 గంటల కోర్సు చదివి, పరీక్ష రాసి, తీరా దరఖాస్తు పట్టుకుని బయలుదేరితే దాన్ని తీసుకునే కమిటీ చాలా కాలేజీల్లో లేదు. మెడికల్ కాలేజీల్లో ఉంటుంది. డిగ్రీ, పీజీ కాలేజీల్లో, విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రాల విభాగాల్లో ఎక్కడో తప్ప కనపడదు. థీసిస్‌లో కాపీ ఎంత శాతం ఉందో చూడటానికి సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి 10 శాతం హద్దు ఉంది, దాని గురించి అందరికీ టెన్షన్ ఉంది. ఆ థీసిస్‌లో తన బతుకు చెప్పుకున్న మనిషి నిజంగా ఒప్పుకునే చెప్పిందా అని చూసే దిక్కు లేదు.

ఇక డబ్బు సంగతి. డబ్బు, ఎథిక్స్ అనుమతి రెండూ వేరు వేరు విషయాలని అనుకుంటారు గానీ, మా బల్ల మీద అవి ఒకే ఫైలు. నిధులిచ్చే సంస్థ ఎథిక్స్ అనుమతి పత్రం అడుగుతుంది. అది లేకపోతే మంజూరైన డబ్బు కూడా కదలదు.

డబ్బే లేదని నేను అనను. 2023లో పార్లమెంటు చట్టం చేసి అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థను పెట్టింది, అంతకుముందు సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధనలకి నిధులిచ్చిన పాత సెర్బ్ అందులో కలిసిపోయింది. ఐదేళ్లలో 50,000 కోట్లు అని లెక్క వేశారు. అందులో కేంద్రం ఇచ్చేది 14,000 కోట్లు, మిగతాది పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. పరిశోధన నిధులు పెద్ద పెద్ద జాతీయ సంస్థల దగ్గరే ఆగిపోకుండా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ చేరాలన్నది ఆ సంస్థను పెట్టడానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. మాలాంటి వాళ్లకి భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఉంది, వైద్యం వైపు వాళ్లకి ఐసీఎంఆర్ ఉంది, ఎంబీబీఎస్ పిల్లలకి కూడా పరిశోధన కోసం రెండు నెలల స్టూడెంట్‌షిప్ ఉంది. పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ మినహాయించాలని 2024 సెప్టెంబర్‌లో కౌన్సిల్ నిర్ణయించడం, 2025 జనవరి నుంచి ఒకే చందాతో ప్రభుత్వ సంస్థలకి వేల జర్నళ్లు అందుబాటులోకి రావడం మాకు నిజంగా ఊరట.

అయితే ఆ డబ్బు అడగడానికి కూడా ఒక చెయ్యి కావాలి. ప్రకటన ఎప్పుడు వచ్చిందో చెప్పేవాళ్లు, బడ్జెట్ పట్టిక సరిగ్గా వేసేవాళ్లు, రిజిస్ట్రార్ సంతకం ఏ కాగితం మీద కావాలో తెలిసినవాళ్లు, డబ్బు వచ్చాక దాన్ని ఎలా ఖర్చు పెట్టామో చూపే వినియోగ పత్రం సకాలంలో పంపేవాళ్లు కావాలి. పెద్ద సంస్థల్లో దీనికోసం ఒక ఆఫీసే ఉంటుంది. మా దగ్గర ఇదంతా మేమే. పోయినసారి ఒక ప్రాజెక్టుకి ఆఖరి రోజు సాయంత్రం ఐదు గంటలకి పోర్టల్ మూసేస్తారనగా, సంతకం పెట్టాల్సిన పెద్దాయన మీటింగ్‌కి విజయవాడ వెళ్లారు. కాగితం పట్టుకుని బస్సెక్కాను. వారధి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోతే దిగి ఆటో మాట్లాడుకుని వెళ్లాను. సంతకం దొరికింది. స్కాన్ చేసి ఎక్కించేసరికి టైమ్ అయిపోయింది. ఆ ప్రపోజల్ రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నేను జీతం వచ్చేదాన్ని, తట్టుకుంటాను. మా అమ్మాయి సంగతి అలా కాదు. యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అదే జేఆర్ఎఫ్, వచ్చినవాళ్లకి 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000 వస్తోంది, అది కూడా మొత్తం మీద ఐదేళ్లే. కమిటీ కూర్చోకపోతే ఆ ఐదేళ్లలో ఒక ఏడాది గాల్లో కలిసినట్టే. మా అమ్మాయికి అదీ లేదు. కౌలు రైతు కూతురు. పొద్దున, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటూ, మధ్యలో ఇంటర్వ్యూలు రాసుకుంటోంది. ఆటో ఖర్చులకి, ఒక రికార్డర్‌కి ఏ యాభై వేలో సాయం దొరికితే ఆమె పని ఎంత తేలికవుతుందో చెప్పలేను.

మంత్రి గారూ, మిమ్మల్ని అడిగేది ఇది. గుంటూరు నుంచి విజయవాడ 40 కిలోమీటర్లు కూడా లేదు. క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే, తమ దగ్గర కమిటీ లేని చోటు 50 కిలోమీటర్ల లోపు ఉన్న వేరే కమిటీని ఆశ్రయించవచ్చని ఉంది. అదే ఆలోచనతో ఈ రెండు ఊళ్లకీ, కమిటీ లేని కాలేజీలన్నిటి కోసం ఒక ఉమ్మడి ఎథిక్స్ కమిటీ వేయించండి. నెలలో ఫలానా రోజున కూర్చుంటుందని ఏడాది ముందే తేదీలు ప్రకటించాలి. ఒక సభ్యుడు తప్పుకుంటే అప్పటికే శిక్షణ పొందిన ఇంకొకరు సిద్ధంగా ఉండాలి. బయటి నుంచి వచ్చే సభ్యులకి దారి ఖర్చులు, గౌరవ వేతనం ఇవ్వాలి. ఆ రిటైర్డ్ టీచర్ గారు సొంత డబ్బుతో వచ్చి వెళ్లారు. ఫెలోషిప్ లేని విద్యార్థుల దగ్గర రుసుము తీసుకోకూడదు. కమిటీ నిర్ణయాల్లో ఏ అధికారీ, ఏ నిధులిచ్చే సంస్థా వేలు పెట్టకూడదు. త్వరగా చూడమని అడుగుతున్నాను తప్ప చూసీచూడనట్టు వదిలేయమని కాదు.

దానికి తోడు ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన కార్యాలయానికి పూర్తికాలం ఇద్దరిని ఇవ్వండి. ఒకరు ఎథిక్స్ ఫైళ్లు, ఇంకొకరు గ్రాంట్లు. ఈ పోస్టులకి డబ్బెక్కడిదని ఆర్థిక శాఖ అడుగుతుంది. ప్రాజెక్టులతో పాటు నిర్వహణ ఖర్చుల కింద సంస్థకి వచ్చే ఓవర్‌హెడ్ మొత్తంలో ఒక భాగం దీనికే ఖర్చు పెట్టాలని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలావరకు గడిచిపోతుంది. మొదట్లో రాష్ట్రం కొంత వేసుకోవాలి. అలాగే జేఆర్ఎఫ్ లేని పరిశోధక విద్యార్థులకి ఫీల్డు పని కోసం చిన్న సాయం, ఉన్నత విద్యా మండలి ద్వారా, ఏడాదికి రెండుసార్లు.

తెలుగు సమ్మతి పత్రాల నమూనాలు కూడా తయారు చేయించండి. వాటిని ప్రొఫెసర్లతో మాత్రమే రాయించకండి. మిర్చి షెడ్డులో, చేనేత మగ్గం దగ్గర, ఆసుపత్రి వరండాలో చదివి వినిపించి, వాళ్లకి అర్థమయ్యాకే ఖాయం చేయమనండి.

మా అమ్మాయి రెండో దశ దరఖాస్తు సిద్ధంగా ఉంది. ఈసారి మందుల షాపుల చీటీలు కూడా చూడాలనుకుంటోంది కాబట్టి కమిటీ మళ్లీ చూడాలి. తదుపరి సమావేశం ఎప్పుడని నిన్న ఆఫీసులో అడిగాను. తేదీ ఇంకా అనుకోలేదన్నారు. ఫిబ్రవరికి యార్డులో కొత్త కాయ దిగుతుంది.

నమస్కారాలతో,
ఒక అధ్యాపకురాలు,
గుంటూరు