టి-డయాగ్నొస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఎంపికపై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో చిన్న ప్రైవేటు ల్యాబ్ నడుపుతున్న పాథాలజిస్టును. పొద్దున పీహెచ్‌సీకి పోయినవాళ్లే ఇంకోరోజు మా దగ్గరికీ వస్తారు. వాళ్ల సంచిలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ రిపోర్టూ ఉంటుంది, నేనిచ్చిన రిపోర్టూ ఉంటుంది. ఆ చనువుతోనే ఈ లేఖ.

2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో మొదలైన ఈ ఉచిత పరీక్షల పథకం తర్వాత జిల్లాలకు పాకింది. 2023లో పరీక్షల సంఖ్య 57 నుంచి 134కి పెరిగింది. పీహెచ్‌సీలో తీసిన రక్తం వ్యాన్ ఎక్కి జిల్లా హబ్‌కు, అంటే పరీక్షలు చేసే పెద్ద ల్యాబ్‌కు చేరి, ఫలితం ఫోన్‌కు వచ్చేదాకా ఈ గొలుసు మొత్తాన్ని మోసేది సాఫ్ట్‌వేరే. హబ్‌లకు కొత్తగా క్లౌడ్ సాఫ్ట్‌వేర్ (డేటా అంతా ఇంటర్నెట్ ద్వారా వేరేచోటి సర్వర్లలో ఉండేది) తీసుకున్నా, ఉన్నదాన్ని మార్చినా, ఆ నిర్ణయం హైదరాబాద్‌లో ప్రొజెక్టర్ ముందే తేలిపోకూడదని నా విన్నపం. టెండర్‌లో చివరిదాకా నిలిచిన రెండు మూడు కంపెనీల చేత తలా ఒక జిల్లా హబ్‌లో నెల రోజులు పని చేయించండి. మార్కులు అక్కడి టెక్నీషియన్ల చేత వేయించండి.

డెమోలో ఏ సాఫ్ట్‌వేరైనా ముచ్చటగానే ఉంటుంది. రంగురంగుల గ్రాఫులు, జిల్లాల మ్యాపు, మీ పేషీకి ఒక డాష్‌బోర్డు. హబ్‌లో సంగతి వేరు. వ్యాన్ వచ్చి ఐస్ బాక్సులు దించగానే వందల ట్యూబులు ఒకేసారి బల్ల మీదకొస్తాయి. ఊదా మూత ట్యూబు మీద స్టిక్కర్ వంకరగా అంటించి ఉంటుంది, ఐస్ ప్యాక్ తడికి సగం ఊడిపోయి ఉంటుంది. స్కానర్ దాన్ని చదవదు. అప్పుడు టెక్నీషియన్ ఎన్ని స్క్రీన్లు దాటితే ఆ శాంపిల్ దొరుకుతుంది? ఒకే ఊరి నుంచి ఇద్దరు లక్ష్మిలు వస్తారు. అడిగితే చెప్పేది అందాజు వయసే కాబట్టి ఇద్దరికీ 45 అనే రాసి ఉంటుంది. మనిషికొకటి ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ఆభా, ఎక్కిస్తే ఈ తంటా తప్పుతుంది. రద్దీలో అది ఎక్కించడం ఎంత తేలికో డెమోలో తెలియదు. ఒక లక్ష్మి ఫలితం ఇంకో లక్ష్మికి పోతే జరిగేది మీకు నేను చెప్పక్కర్లేదు.

శాంపిల్ తీసిన టైము, హబ్‌కు చేరిన టైము, మెషిన్ ఎక్కిన టైము మూడూ నమోదు కావాలి. మామూలు ట్యూబులో సీరం వేరు చేయకుండా వదిలేస్తే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చొప్పున షుగర్ తగ్గిపోతుంది. రక్తకణాలు చితికితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆలస్యంగా చేరిన ట్యూబును సాఫ్ట్‌వేర్ ఎర్రరంగులో చూపించి ఆపాలి. ఈ పని చేయనిది నా దృష్టిలో ఖరీదైన టైపు మిషన్.

ఇక మెషిన్లతో లంకె. 'అన్ని ఎనలైజర్లకూ (పరీక్షలు చేసే మెషిన్లకూ) కనెక్ట్ అవుతుంది' అని ప్రతి కంపెనీ అంటుంది. ఫలితం మెషిన్ నుంచి కంప్యూటర్‌కు రావడం ఒక్కటే చాలదు. బార్‌కోడ్ చదవగానే 'ఈ ట్యూబుకు ఏమేం పరీక్షలు?' అని మెషినే అడిగి తెలుసుకోవాలి. లేదంటే ప్రతి ట్యూబుకూ మనిషి కూర్చుని నొక్కాలి. ఇంకో కిటుకు ఉంది. చాలాచోట్ల మెషిన్‌ను దాని కంపెనీవాళ్లు ఊరికే పెడతారు, పరీక్షకు వాడే రసాయనాలు (రీఏజెంట్లు) మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. ఆ ఒప్పందం అయిపోగానే మెషిన్ మారుతుంది. కొత్త మెషిన్‌ను సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో కలపాలి అన్నది ముందే రాసుకోకపోతే ఎల్1 (టెండర్‌లో అందరికన్నా తక్కువ) ధర అని మురిసిపోయింది కాస్తా మూడో ఏడు ఇంటర్‌ఫేస్ బిల్లులతో తడిసి మోపెడవుతుంది.

నేను క్లౌడ్‌కు వ్యతిరేకిని కాను. మా ల్యాబ్ నడిచేదీ దాని మీదే. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు దెబ్బతిన్నది ఆసుపత్రి సొంత సర్వర్లే. అక్కడ కొన్నాళ్లు చేతిరాతతోనే పని నడిచింది. 2024 జూన్‌లో లండన్‌లో పెద్ద ఆసుపత్రులకు రక్తపరీక్షలు చేసే సిన్నోవిస్ సంస్థ మీద దాడి జరిగితే పది వేలకు పైగా అపాయింట్‌మెంట్లు వాయిదా పడ్డాయి. రక్తం గ్రూపు చూసి జత కలపడం కుదరక 'ఓ' (O) గ్రూపు రక్తం ఇవ్వమని దాతలను వేడుకున్నారు. మన దగ్గర దాడి దాకా అక్కర్లేదు, రోడ్డు తవ్వేటప్పుడు జేసీబీ తగిలి ఫైబర్ తెగితే చాలు. ఆ పూటంతా శాంపిళ్లు తీసుకోవడం, బార్‌కోడ్ కొట్టడం, మెషిన్ ఫలితాలు దాచడం హబ్‌లోని కంప్యూటర్‌లోనే సాగిపోవాలి. నెట్ రాగానే దానంతటదే పైకి చేరాలి. పరీక్ష పెట్టే నెలలో ఒకరోజు చెప్పా పెట్టకుండా వైరు పీకించి చూడండి.

ఫోన్‌కు వచ్చే మెసేజ్ గురించి కూడా ఒక మాట. మా వైపు ఇంట్లో అందరికీ రాసేది ఒకటే నంబరు, చాలాసార్లు కొడుకుది. వాడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి షుగర్ రిపోర్టు వాడికి పోతే నష్టం లేదు. కోడలి ప్రెగ్నెన్సీ టెస్ట్? హెచ్‌ఐవీ ఫలితమైతే? 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే గోప్యంగా ఉంచమంటోంది. ఏ పరీక్ష ఫలితం మెసేజ్‌లో పోవచ్చు, ఏది డాక్టర్ దగ్గరే ఆగాలి అన్నది సాఫ్ట్‌వేర్‌లో విడివిడిగా పెట్టుకునే వీలుండాలి. రేట్లు మాట్లాడేటప్పుడు ఇది ఎవరికీ గుర్తుకు రాదు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఒక సాఫ్ట్‌వేర్ నుంచి బయటపడే దారి. మేము కొన్నేళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ వదిలేసి వేరే దానికి మారినప్పుడు పాత కంపెనీ మా డేటాను పీడీఎఫ్‌లుగా చేతిలో పెట్టింది. ఒక్కో రిపోర్టు ఒక్కో ఫైలు. డేటా ఇచ్చినట్టే లెక్క, వాడుకోవడానికి మాత్రం పనికిరాదు. కిడ్నీ పేషెంట్‌కు క్రియాటినిన్ మూడేళ్లుగా ఎలా పెరిగిందో డాక్టర్ గారు ఫోన్ చేసి అడిగితే, మా అమ్మాయిలు ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి కాగితం మీద రాసి చెప్పేవాళ్లు. మాది చిన్న ల్యాబ్ కాబట్టి ఎలాగో ఈదాం. రాష్ట్రమంతటి రిపోర్టులకు ఇదే గతి పడితే? డేటా ప్రభుత్వానిదే అని రాసుకుంటే సరిపోదు. ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుకు తిరిగివ్వాలో ఉండాలి. పరీక్షల పేర్లకు లోయింక్ (LOINC) కోడ్‌లు, అంటే ఏ సిస్టమ్‌కైనా అర్థమయ్యే అంతర్జాతీయ కోడ్‌లు, మొదటి రోజు నుంచే వాడాలి. ఏడాదికోసారి ఆ డేటాను బయటకు తీయించి వేరే సిస్టమ్‌లో తెరుచుకుంటోందో లేదో చూడాలి. తెరుచుకోకపోతే ఆ త్రైమాసికం బిల్లు ఆపాలి.

ఒప్పందం ముసాయిదాను సంతకానికి నెల ముందు శాఖ వెబ్‌సైట్‌లో పెట్టించండి. హబ్‌లలో పనిచేసే మైక్రోబయాలజిస్టులు, టెక్నీషియన్లు తమ అభ్యంతరాలు ఉద్యోగ భయం లేకుండా రాసే ఏర్పాటు చేయించండి. నావి నేను అదే వారంలో పంపుతాను.

ఇట్లు,
జిల్లాలో ల్యాబ్ నడుపుకునే ఒక పాథాలజిస్టు